తాతల కాలం నూనె, తాతల ఆయుష్షు: రెండు నెలలు వాడి చూసిన గానుగ నూనె

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి ఐదు నిమిషాల నడక దూరంలో పోయిన ఏడాది ఒక కట్టె గానుగ కొట్టు తెరిచారు. కొట్టు ముందర కట్టిన బోర్డు మీద గానుగ చుట్టూ తిరిగే ఎద్దు, తలపాగా చుట్టిన ముసలాయన, ఆ ఇద్దరి కింద ‘తాతల కాలం నూనె, తాతల ఆయుష్షు’ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. లోపల ఎద్దు లేదు, మోటారు ఉంది. ఎద్దు లేనందుకు నాకు పట్టింపు లేదు. ఆ ఆయుష్షు అన్న మాట మాత్రం ఆ దారిన పోయినప్పుడల్లా నా కాళ్ళకు అడ్డం పడేది. మా తాత జీవితమంతా వేరుశనగ పండించి 1984లో 58 ఏళ్ళకే పోయాడు. ఆయన కాలపు ఆయుష్షును లీటర్ల లెక్కన అమ్ముతున్నారంటే సరుకు ఎలాంటిదో చూడాలనిపించి, 78 ఏళ్ళ మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. అది మొదలు రెండు నెలలు మా వంటింట్లో వేరే నూనె వాడలేదు. ఇక్కడ రాస్తున్నది ఆ నూనె గురించీ, ఆ బోర్డు గురించీ. ఈ రెండింటికీ నేను వేసే మార్కులు ఒకటి కావు.

ముందు గానుగ సంగతి. దిరిసెన మానుతో చేసిన రోలు, అందులో నిలువుగా తిరిగే రోకలి, రోకలిని నొక్కి పట్టే బరువు, ఇంతే యంత్రం. ఒక విడతకు పది కిలోలకు పైగా వేరుశనగ గింజలు పోస్తారు. రోకలి ఎంత నెమ్మదిగా తిరుగుతుందంటే, పక్కనే బల్ల మీద కూర్చున్న అమ్మ దాన్ని చూస్తూ ఒక కునుకు తీసింది. మొదట గింజలు పగిలి నలుగుతాయి, తర్వాత ముద్దగా మారతాయి, మధ్యలో కొట్టు నడిపే కుర్రవాడు దోసిటితో కొంచెం నీళ్ళు చిలకరిస్తాడు, ఆ తర్వాతే ముద్ద అంచుల నుంచి నూనె ఊరడం మొదలవుతుంది. ముక్కాలు గంట దాకా పట్టింది. దిగిన నూనెను వేలితో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, కాలలేదు. మిల్లుల్లోని ఇనుప యంత్రం నుంచి వచ్చే నూనె చాలా వేడిగా ఉంటుంది కాబట్టి ఈ తేడా నిజమైనదే. నూనె ఆ పూటే అమ్మరు. రెండు మూడు రోజులు డబ్బాల్లో పేరబెట్టి, మడ్డి అడుగుకు దిగాక పైతేట మాత్రం సీసాలకు పోస్తారు. తొందరపడి అదే రోజు కావాలని అడిగినవాళ్ళను ఆ కుర్రవాడు వెనక్కి పంపడం నా కళ్ళతో చూశాను. ఈ కొట్టు మీద నాకు మొదటి నమ్మకం కుదిరింది అక్కడే.

గింజలు ఎక్కడివని అడిగితే దాచకుండా చెప్పాడు. పంట కాలంలో పీలేరు, కలికిరి వైపు రైతుల దగ్గర కాయలు కొని ఒలిపిస్తాడట, మిగతా నెలల్లో వ్యాపారుల దగ్గర గుజరాత్ గింజలు కూడా తీసుకుంటాడట. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో మెట్ట పొలాలంటే ఒకప్పుడు చెనక్కాయ, అంటే వేరుశనగ, పొలాలే. అందులో చాలా భాగం ఇప్పుడు మామిడి తోటలూ టమోటా తోటలూ అయ్యాయి కాబట్టి ఏడాది పొడుగునా ఇక్కడి గింజతోనే గానుగ ఆడించడం అంత తేలిక కాదు. సీసా మీద మాత్రం ‘మన నేల గింజ’ అని ఉంది. నోటితో నిజం చెప్పే మనిషి చీటీ మీద ఎందుకు వేరే రాసుకున్నాడో తెలియలేదు.

నూనె దిగాక గానుగ రోట్లో మిగిలిన పిప్పిని, అంటే చెక్కను, గంపలో పోస్తున్నప్పుడు అమ్మకు మెలకువ వచ్చింది. లేచి వెళ్ళి, అడగకుండానే ఒక తునక విరిచి నోట్లో వేసుకుంది. చిన్నప్పుడు మేమూ అట్లాగే తిన్నాం. ఎనుముకు నానబెట్టే చెక్కలోంచి గట్టి తునకలు ఏరుకుని జేబుల్లో పోసుకుని బడికి పోయేవాళ్ళం. ఈ కొట్టులో అదే చెక్కను అర కిలో పొట్లాలుగా కట్టి, మేడల మీద మొక్కలు పెంచుకునేవాళ్ళకు కిలో 50 రూపాయల లెక్కన అమ్ముతున్నారు.

“ఎనుముకు పెట్టే చెక్కను పొట్లాలు కట్టినావా నాయనా!” అని అమ్మ ఆశ్చర్యపోతే, “ఎనుములు యాడుండాయి అవ్వా, అంతా కుండీలే” అన్నాడతను.

ఇక నూనె. రంగు లేత బంగారం, మూత తీయగానే పచ్చి చెనక్కాయ వాసన, బాణలిలో వేడెక్కగానే వేయించిన చెనక్కాయ వాసన. రిఫైన్డ్ నూనెకు అలవాటుపడిన మా అబ్బాయికి మొదటి వారం ఈ వాసన గిట్టలేదు, సాంబారులో కూడా పల్లీలు పోశారా అని అడిగాడు. పప్పుకు తాలింపు పెట్టినప్పుడూ, వంకాయ ముక్కలు మగ్గించినప్పుడూ, రాగి సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి నూరి దాని మీద పచ్చినూనె ఒక చెంచా పోసుకున్నప్పుడూ ఈ నూనెకు సాటి లేదు. పచ్చినూనె పోసుకుని తినడమన్నది రిఫైన్డ్ వచ్చాక మా ఇంట్లో మానేసిన పని. ఇప్పుడు మళ్ళీ మొదలైంది.

బాణలి నిండా పోసి వేయించే పిండివంటలకు మాత్రం ఈ నూనె అంత అనువు కాదు. నిప్పట్లు చేద్దామని ముప్పావు లీటరు కాచాం. మొదటి వాయికే బాణలి అంచు దాకా నురగ పొంగింది. పొయ్యి తగ్గించి, నురగ అణిగాక, ఒక్కొక్క నిప్పటిని విడివిడిగా వేసుకోవలసి వచ్చింది. మంట పెంచితే త్వరగా పొగ లేస్తుంది. శుద్ధి చేయని నూనెలో సన్నటి గింజ పొడి, జిగురు పదార్థాలు, కాస్త తేమ మిగిలి ఉండడమే దీనికి కారణం. రిఫైనరీలో వాటిని తీసేస్తారు కాబట్టే ఆ నూనె ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. నిప్పట్లు కరకరలాడుతూ చాలా బాగా వచ్చాయి, కానీ రెండు గంటల్లో అయ్యే పని మూడున్నర గంటలు పట్టింది. పైగా ఒకసారి కాగిన ఈ నూనె తొందరగా నల్లబడుతుంది, మళ్ళీ మళ్ళీ కాచడానికి పనికిరాదు. పండగ పిండివంటలకు దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను.

ధర లీటరు 340 రూపాయలు. సొంత స్టీలు క్యాను తీసుకెళ్తే లీటరుకు 10 రూపాయలు తగ్గిస్తారు. ఈ ధర విని గుండె జారేవాళ్ళు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. కట్టె గానుగలో లీటరు నూనె దిగాలంటే సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి. నేను వెళ్ళిన వారం గింజలు కిలో 115 రూపాయలు, అంటే సరుకుకే 290 రూపాయల దాకా అయిపోయింది. మిగిలే ఒకటిన్నర కిలో చెక్క అమ్మితే 75 రూపాయలు తిరిగి వస్తాయి. కరెంటు, కొట్టు బాడుగ, ఇద్దరి కూలి, సీసా, అన్నీ కలుపుకుంటే 340 అన్యాయమైన ధర కాదు. అసలు భయపడవలసింది ఊరి బయట రోడ్డు పక్కన ‘స్వచ్ఛమైన గానుగ నూనె’ అని లీటరు 200కు అమ్మేవాళ్ళను చూసి. గింజల ఖర్చు కూడా రాని ధరకు గానుగ నూనె ఎట్లా అమ్ముతారో వాళ్ళే చెప్పాలి.

నలుగురున్న మా ఇంట్లో నెలకు ఐదు లీటర్ల రిఫైన్డ్ అయ్యేది. ఈ నూనె మొదటి నెల మూడున్నర, రెండో నెల మూడు లీటర్లు అయింది. వాసన చిక్కగా ఉండడం వల్ల తక్కువతో సరిపోతుందని కొట్టతను అంటాడు. అందులో కొంత నిజం ఉంది. నా వరకు అసలు కారణం వేరు. 340 రూపాయల నూనెను బాణలిలోకి వంచేటప్పుడు చెయ్యి దానంతటదే ఆగుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. రెండోసారి కొన్న రెండు సీసాల్లో ఒకటి మూత తీయగానే ముక్కిన వాసన కొట్టింది. తీసుకెళ్ళి చూపిస్తే మారుమాట లేకుండా వేరే సీసా ఇచ్చాడు, అది మెచ్చుకోవలసిన సంగతే. కానీ ఏ రోజు ఆడించిన నూనె అని అడిగితే అతనికీ తెలియలేదు, సీసా మీదా లేదు. శుద్ధి చేయని నూనెకు గానుగాడిన తేదీ వెయ్యకపోవడం చిన్న తప్పు కాదు. వెలుతురూ వేడీ తగిలితే ఇది కొన్ని నెలల్లోనే పాడవుతుంది. తిరుపతి ఎండల్లో పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో పోసి, వీధిలోకి కనిపించేలా అరల్లో పేర్చడం దాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే. మరొకటి ఇంతకంటే ముఖ్యమైనది. సరిగ్గా ఆరని వేరుశనగకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయానికి చేటు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు ఆ విషం చాలావరకు పోతుంది. గానుగలో పోదు, గింజలో ఉన్నది కొంత నూనెలోకీ, ఎక్కువ భాగం చెక్కలోకీ దిగుతుంది. కాబట్టి గానుగ నూనె మంచి చెడ్డలన్నీ గింజలు ఏరే చేతిలోనే ఉంటాయి. ఈ కొట్టులో ఇద్దరు ఆడవాళ్ళు చేటల్లో పోసుకుని నల్లబడిన, ముడతలు పడిన గింజలను ఏరి పారెయ్యడం నేను చూశాను. బోర్డు మీద ఎద్దు బొమ్మకు బదులు ఆ చేటల బొమ్మ వేసుకుని ఉంటే నా గౌరవం ఇంకా పెరిగేది.

సీసా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని కూడా ఉంది. చెట్ల నుంచి, గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిలులో ఉండదు, పక్క కొట్టులోని పొద్దుతిరుగుడు నూనెలోనూ ఉండదు. నీళ్ళ సీసా మీద ‘ఎముకలు లేవు’ అని రాసినట్లే ఇదీ.

ఇప్పుడు బోర్డు దగ్గరికి వద్దాం. తాతల కాలం అంటే ఏ కాలమని కొట్టతన్ని అడిగాను. అతనికి ముప్పై ఏళ్ళు ఉంటాయి. కాసేపు ఆలోచించి, “ఎనభైల్లో అక్కా, మా తాత బాగుండిన రోజులు” అన్నాడు. ఆ మాటతో ఈ విషయం నాకు మరీ దగ్గరైంది. ఎందుకంటే 1980లలో మేము వాయల్పాడు దగ్గరి పల్లెలో ఉన్నాం, నేను బడికి పోతున్నాను, మా ఇంటి నాలుగెకరాల్లో ఏటా వేసేది వేరుశనగే. అప్పుడు మా వంటింట్లో ఏ నూనె ఉండేదో మా అమ్మ పక్కనే ఉంది చెప్పడానికి.

ఉండేది పామోలిన్. ప్రభుత్వం విదేశాల నుంచి తెప్పించి చౌకధరల దుకాణాల్లో ఇచ్చిన పామోలిన్. కార్డు మీద వచ్చినంత తెచ్చుకుని, చాలకపోతే శెట్టి అంగడిలో చిన్న సీసాతో వంద గ్రాముల లెక్కన విడి నూనె తెచ్చుకునేవాళ్ళం. మరి మేము పండించిన చెనక్కాయలు ఏమయ్యాయంటే, విత్తనానికి తీసిన రెండు మూటలు పోగా మిగతాదంతా మండీకి పోయేది. విత్తేటప్పుడు అప్పు ఇచ్చింది మండీ వ్యాపారే కాబట్టి కాయలు ఎండీ ఎండకముందే బండి కట్టవలసి వచ్చేది. మంచి పంట వచ్చిన ఏడాది మాత్రం ఒక మూట మిల్లుకు వేసి, ఒక డబ్బా నూనె ఆడించి తెచ్చేవాళ్ళు. అది ఇనుప యంత్రపు మిల్లు. ఎద్దు గానుగను అమ్మ చూసింది తన చిన్నతనంలో, పుట్టింటి ఊరి గాండ్ల వీధిలో. ఆమెకు పెళ్ళయ్యేనాటికే అది ఆగిపోయింది. అంటే ఆ బోర్డు చెప్పే దశాబ్దంలో, చెనక్కాయలు పండించే ఊళ్ళో, చెనక్కాయలు పండించే ఇంట్లో, గానుగ నూనె లేదు. ఇప్పుడు తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటూ, గజం పొలం లేకుండా, నేను దాన్ని నెలకు మూడు లీటర్లు కొనుక్కుంటున్నాను.

దేశం లెక్కలు చూసినా మా ఇంటి లెక్కకు దగ్గరగానే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వే ప్రకారం 1980-81లో వనస్పతి కాకుండా మనిషికి ఏడాదికి దొరికిన వంటనూనె 3.8 కిలోలు, అంటే రోజుకు పది గ్రాముల పైచిలుకు. ఇప్పుడు నీతి ఆయోగ్ చెప్పే తలసరి వాడకం ఏడాదికి 19.7 కిలోలు, రోజుకు 54 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రెండు వేల కేలరీల భోజనానికి రోజుకు 27 గ్రాముల నూనె, కొవ్వులు చాలన్నారు. ఆనాడు కావలసినదాంట్లో సగానికి తక్కువ తిన్నాం, ఈనాడు చాలినదానికి రెండింతలు తింటున్నాం. అప్పటి కొరతను తీర్చడానికే 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ పెట్టారు, కొన్నేళ్ళు దిగుమతులు బాగా తగ్గాయి కూడా. 1990లలో దిగుమతుల తలుపులు తెరిచాక మళ్ళీ ఇండోనేషియా, మలేషియాల పామాయిలు మీదే ఆధారపడ్డాం. ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వస్తున్నదే.

మా వంటింట్లో నూనె గిన్నెకు పొడుగు కాడ ఉన్న చిన్న గరిటె ఒకటి తగిలించి ఉండేది. కూరకు ఒక గరిటె, పులుసుకు అర గరిటె, అంతే. ఆరుగురికి వండే కూర అది. తాలింపు శబ్దం వీధిలోకి వినపడితే ఆ ఇంట్లో చుట్టాలు వచ్చారని లెక్క. సంగటి, పులుసు, కారెం, మజ్జిగ, వీటిలో దేనికీ నూనెతో పని లేదు. ఆ తిండే ఆరోగ్యమని, అప్పటి ఆడవాళ్ళు తెలిసి తెలిసి నూనె తక్కువ వాడారని, ఈ మధ్య ఎవరో సెల్‌ఫోను వీడియోలో చెప్తుంటే అమ్మ విని ఊరుకోలేదు.

“తెలిసి ఏంది మే, లేక పోసుకోలేదు. వుండింటే పోసుకోమా?” అంది.

ఆయుష్షు మాట అక్కడే తేలిపోతుంది, అయినా లెక్క కూడా చెప్తాను. 1981-85 మధ్య మన దేశంలో పుట్టిన బిడ్డకు సగటు ఆయుర్దాయం 55.4 ఏళ్ళు. 2016-20 నాటికి అది 70 ఏళ్ళు. ఇందులో పెద్ద భాగం పసిపిల్లల చావులు తగ్గడం వల్ల వచ్చిందన్నది నిజం. 1981లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 110 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, 2020కి అది 28కి తగ్గింది. పసితనం దాటినవాళ్ళు చాలాకాలం బతికేవాళ్ళని, కాబట్టి మా తాతలు గట్టివాళ్ళేనని వాదించేవాళ్ళు దీన్నే పట్టుకుంటారు. అట్లా బతికినవాళ్ళు ఉన్నారు, కాదనను. మా తాత పసితనం దాటినవాడే, నాగలి పట్టినవాడే, గరిటె నూనెతో సంగటి తిన్నవాడే. ఒక రాత్రి గుండెల్లో నొప్పి అని కూర్చుండిపోయాడు. ఆ వేళ ఊళ్ళో ఉన్న వాహనం ఎద్దులబండి ఒక్కటే, తెల్లవారి బస్సు వచ్చేదాకా కాచుకున్నారు. బస్సు వచ్చింది, ఆయన లేడు. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005లో గానీ రాలేదు. ఆయుష్షు పెరిగింది టీకాల వల్ల, మందుల వల్ల, రోడ్ల వల్ల, రాత్రిపూట ఫోను చేస్తే వచ్చే బండి వల్ల. నూనె సీసాకు ఈ పుణ్యం అంటగట్టడం న్యాయం కాదు.

ఆ నూనె వెనుక ఉన్న చాకిరీ ఆ బోర్డు మీది బొమ్మలో ఎక్కడా కనిపించదు. కాయలు ఒలవడం మాకు రాత్రి పని. భోజనాలు అయ్యాక అరుగు మీద ఒక లాంతరు, దాని చుట్టూ ఆడవాళ్ళూ పిల్లలూ, మధ్యలో కాయల కుప్ప. నానబెట్టని కాయను బొటనవేలి గోటితో నొక్కి పగలగొట్టాలి. అర పడి ఒలిచేసరికి గోటి కింద చర్మం చీలి ఉప్పు తగిలినట్లు మండేది. మరునాడు పొద్దున్నే ఆ వేలితోనే కారెం నూరడం, బావిలో నీళ్ళు చేదడం. పొయ్యిలో కట్టెలు, ముసురు రోజుల్లో తడి కట్టెలు, ఊదుగొట్టంతో ఊది ఊది ఎర్రబడిన కళ్ళు. తిరుపతికి వచ్చాక 1991లో మాకు గ్యాస్ వచ్చింది. ఊళ్ళో ఉండిపోయిన మా పిన్నమ్మకు 1999లో దీపం పథకం మొదలయ్యాక గానీ రాలేదు. సిలిండరు బిగించిన రోజు ఆమె పాలు పొంగించి, పొయ్యి ముందర కూర్చుని, పొగ లేకపోవడాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయిందట. ఇప్పటి వంటిల్లు బాగుందా, అప్పటి వంటిల్లు బాగుందా అని ఆమెను అడగడానికి నాకు ధైర్యం చాలదు.

అయితే ఆ రోజుల్లో ఏమీ బాగాలేదని నేను అనడం లేదు. ఆ అరుగు మీద కూర్చున్న ఏడెనిమిది మందిలో మా ఇంటివాళ్ళు ముగ్గురే, మిగతావాళ్ళు పక్కిళ్ళవాళ్ళు. ఈ రాత్రి మా కుప్ప, రేపు వాళ్ళ కుప్ప. కూలి లేదు, లెక్క లేదు, వెళ్ళేటప్పుడు కొంగులో రెండు దోసిళ్ళ గింజలు, అంతే. కథలు, వెక్కిరింతలు, పెళ్ళి సంబంధాలు, అన్నీ అక్కడే తేలేవి. ఇప్పుడు మేముంటున్న మేడలో పై అంతస్తువాళ్ళ పేరు నాకు వాళ్ళ కరెంటు బిల్లు పొరపాటున మా గుమ్మంలో పడిన రోజున తెలిసింది. ఇంకొకటి, ఏ వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అప్పట్లో తెలిసేది. విడి నూనెలో కల్తీ జరగలేదని కాదు, జరిగేది. కానీ కల్తీ చేసిన శెట్టి ఎవరో ఊరందరికీ తెలుసు. ఈ గానుగ కొట్టు అమ్మే పాతకాలంలో నిజమైన పాతకాలం ఏదైనా ఉంటే అది ఇదే. మన ముందరే గింజలు పోసి, మన ముందరే నూనె తీసి, చెడిపోతే తీసుకెళ్ళి చూపించడానికి ఒక మనిషి ఉండడం. రిఫైన్డ్ పాకెట్టు ముక్కితే నేను ఎవరి ముఖాన పెట్టి చూపించాలి? తోమిన క్యాను చేతబట్టుకుని నడుచుకుంటూ పోయి నూనె పోయించుకుని రావడం కూడా నాకు మళ్ళీ అలవాటైంది. దారిలో ఇద్దరు పలకరిస్తారు, అందులో ఒకరు క్యానులో ఏముందని అడుగుతారు.

కాబట్టి కొనాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇది. తాలింపులకు, పచ్చినూనె పోసుకోవడానికి, ఊరిబిండికి, పచ్చళ్ళకు ఈ నూనె కొనండి. లీటరుకు మించి ఒకేసారి తీసుకోకండి. స్టీలు క్యాను తీసుకెళ్ళండి, అరల్లోని సీసాలు కాకుండా లోపలి డబ్బా నుంచి పోయమనండి, ఏ రోజు ఆడించారో అడగండి. ఇంట్లో గుండెజబ్బో షుగరో ఉన్నవాళ్ళు ఇది గానుగదేలే అని ఇంకో గరిటె పోయకండి, గానుగ నూనె గ్రాములో ఉన్న కేలరీలూ రిఫైన్డ్ గ్రాములో ఉన్న కేలరీలూ ఒకటే. పిండివంటలకు వేరే నూనె చూసుకోండి. వాసన పడనివాళ్ళు పావు లీటరుతో మొదలుపెట్టండి. నూనెకు ఐదుకు నాలుగు ఇస్తాను, తేదీ వేసి ముదురు రంగు సీసాల్లో పోస్తే నాలుగున్నర. బోర్డుకు ఒకటి, అదీ ఎద్దును ముచ్చటగా గీసినందుకు.

ఇదంతా కొట్టతనికి కూడా చెప్పాను. చీటీల సంగతి ఒప్పుకున్నాడు. పోయిన వారం వెళ్తే ప్రతి సీసా మీదా గానుగాడిన తేదీ పెన్నుతో రాసి ఉంది, వీధి వైపు అరలకు గోనెపట్టా తెర కట్టాడు. బోర్డు మాత్రం అట్లాగే ఉంది. ఆయుష్షు అన్న మాట తుడిపించమంటే, పెయింటరు మొత్తం మళ్ళీ రాయాలి, నాలుగు వేలు అవుతుందంటున్నాడు, ఉగాదికి చూద్దాం అక్కా అన్నాడు. కొట్టు ఉదయం తొమ్మిదికి తెరుస్తారు, గానుగ ఆడించేది మంగళ, శుక్రవారాల్లో. చెక్క కావలసినవాళ్ళు పదిన్నర లోపల వెళ్ళాలి. పోయిన శుక్రవారం మేము పన్నెండుకు వెళ్తే, కుండీలవాళ్ళు అంతా పట్టుకుపోయారని అమ్మ దారంతా సణుగుతూనే ఉంది.